గళ్ళ కాగితం మీద సముద్రం

లెక్కలంటే నాకు భయం. ఆ సంగతి దాచుకోవలసిన పనేమీ లేదు. పదో తరగతి లెక్కల పరీక్ష గట్టెక్కిన రోజున మా అమ్మ ఆంజనేయస్వామికి వడమాల వేయించింది. ఆ తరువాత బి.ఏ.లో చేరి చరిత్రా, తెలుగూ చదువుకుంటూ, ఈ జన్మకిక గళ్ళ కాగితంతో పనిలేదని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక, ఆ గళ్ళ కాగితమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

మా పెద్దవాడికి అయిదేళ్ళప్పుడు జ్వరం పట్టుకుంది. వస్తుంది, పోతుంది. పోయింది కదా అని సంతోషించేలోగా మళ్ళీ వస్తుంది. మొదటి వారంలోనే మా అత్తగారు, "ఇది రోజు మార్చి రోజు వస్తోందమ్మాయ్, మామూలు జ్వరం కాదు" అన్నారు. మావారు పేపరు దించకుండానే, "అమ్మకన్నీ అనుమానాలే" అన్నారు. నేను మాత్రం డాక్టరుగారు చెప్పినట్టు ఆరు గంటలకోసారి థర్మామీటరు పెట్టి చూసి, పాత క్యాలెండరు కాగితం వెనక అంకెలు రాస్తూ పోయాను. 98, 103, 100, 99, 104... ఆ వరస వంక ఎన్నిసార్లు చూసినా నాకు భయం వేసిందే తప్ప ఇంకేమీ కనపడలేదు.

వారం తిరిగాక ఆ కాగితం తీసుకువెళ్ళి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన సొరుగులోంచి గళ్ళ కాగితం ఒకటి తీసి, అడుగున రోజులూ, పక్కన డిగ్రీలూ వేసి, నేను రాసిన ప్రతి అంకెకూ ఒక చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపారు. ఎంతసేపు? అయిదు నిమిషాలు. చూద్దును గదా, గీత గోపురాలు కట్టుకుంటూ పోయింది! ఒకరోజు గోపురం, మర్నాడు చదును, ఆ మర్నాడు మళ్ళీ గోపురం. "రక్తపరీక్ష చేయిద్దామమ్మా, మలేరియాలా ఉంది" అన్నారాయన. అదే అయింది. మందు పడింది, వాడు లేచి తిరిగాడు. ఇంటికొచ్చాక మా అత్తగారు ఏమీ అనలేదు. మావారి వంక ఒక్కసారి చూశారు, అంతే.

అంకెలు నావే. రాసిందీ నేనే, పదిసార్లు చదువుకున్నదీ నేనే. నాకు కనపడని ఆ వరస, చుక్కలు కలిపేసరికి చిన్నపిల్లలకైనా కనపడేటట్టు ఎలా అయిందా అని చాలాకాలం ఆలోచించాను. ఆ తరువాత ఎప్పుడో ఒక అమెరికా ఆవిడ కథ చదవడం తటస్థించింది. ఆవిడా మొదట్లో నాలాగే ఆర్ట్సు చదివిన మనిషే. గళ్ళ కాగితం మీద చుక్కలు కలుపుతూ కూర్చుని, భూగర్భశాస్త్రాన్ని తిరగరాయించింది. పేరు మేరీ థార్ప్. ఆవిడ గురించి మీకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

మేరీ 1920లో మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి ప్రభుత్వోద్యోగి. ఎక్కడి పొలంలో ఎటువంటి మట్టి ఉందో చూసి పటాలు గీయడం ఆయన పని. ఆ పనిమీద ఊరూరా తిరగాలి. మన దగ్గర బదిలీ ఉద్యోగుల పిల్లలుంటారే, వాళ్ళలాగే మేరీ కూడా ఊరికో బడి మారుతూ పెరిగింది. తల్లి టీచరు. మేరీకి పదిహేనేళ్ళప్పుడు ఆవిడ పోయింది. ఆ పిల్ల కాలేజీలో ఇంగ్లీషూ, సంగీతమూ చదువుకుని 1943లో డిగ్రీ పుచ్చుకుంది.

మామూలు రోజులయితే ఆ తరువాత ఏ బడిలోనో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయేది కాబోలు. కానీ అవి యుద్ధం రోజులు. 1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగింది. మగపిల్లలు సైన్యంలోకి పోయేసరికి క్లాసులు బోసిపోయాయి. దాంతో మిషిగన్ విశ్వవిద్యాలయంవారు భూగర్భశాస్త్రం చదవడానికి ఆడపిల్లల్ని కూడా రమ్మన్నారు. మేరీ వెళ్ళి, పై చదువు పూర్తిచేసి, తుల్సా అనే ఊళ్ళో చమురు కంపెనీలో ఉద్యోగం సంపాదించింది. తీరా చేరాక తెలిసింది, అక్కడ ఆడవాళ్ళను బయటి పనికి పంపరట. పొలాల్లో, కొండల్లో తిరిగేది మగవాళ్ళు. వాళ్ళకు కావలసిన పటాలూ, లెక్కలూ సర్ది ఇవ్వడం ఈవిడ పని. ఊరికే కూర్చోలేక, ఉద్యోగం చేస్తూనే ఆ ఊళ్ళో లెక్కల్లో ఇంకో డిగ్రీ చేసింది. (చూశారూ, సరిగ్గా ఇక్కడే ఆవిడ దారీ నా దారీ విడిపోయాయి!)

1948లో న్యూయార్కు వచ్చి, కొలంబియా విశ్వవిద్యాలయంలో మారిస్ యూయింగ్ అనే పేరున్న ప్రొఫెసరుగారి దగ్గర పని అడిగింది. ఇంగ్లీషు, సంగీతం, భూగర్భశాస్త్రం, లెక్కలు... ఇన్ని చదువులు చదివిన అమ్మాయిని ఏ పనిలో పెట్టాలో ఆయనకు తోచలేదు. చివరికి, "బొమ్మలు గీయడం వచ్చునా?" అని అడిగారట. అంటే డ్రాఫ్టింగు అన్నమాట. వచ్చునంది. అలా చేరింది. మరుసటి సంవత్సరం యూయింగుగారు హడ్సన్ నది ఒడ్డున లామాంట్ పరిశోధనాలయం పెడితే అక్కడికి మారింది. అక్కడే బ్రూస్ హీజెన్ అనే కుర్రవాడు ఆవిడకు జతపడ్డాడు. ఆవిడకంటే నాలుగేళ్ళు చిన్న. ఇద్దరూ కలిసి సముద్రం అడుగు ఎలా ఉంటుందో చూడాలనుకున్నారు.

సముద్రం అడుగు ఎవరు చూశారు కనక? పూర్వం ఓడ మీంచి తాడుకి బరువు కట్టి వదిలేవారు. బరువు నేలకు తగిలాక, తాడు ఎంత పోయిందో కొలుచుకునేవారు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచమంతా తిరిగిన ఛాలెంజర్ అనే ఇంగ్లీషు ఓడ ఆ పద్ధతిలోనే కొలిచింది. ఒక్కో కొలతకు గంటల తరబడి పట్టేది. తరువాత చప్పుడుతో కొలవడం వచ్చింది. మనం నూతిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినిపిస్తుందా అని చెవి పెడతామే, ఇంచుమించు అలాగే. ఓడ అడుగునుంచి నీళ్ళలోకి చప్పుడు పంపిస్తారు. అది వెళ్ళి నేలకు తగిలి తిరిగి వస్తుంది. ఉప్పునీళ్ళలో చప్పుడు సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. వెళ్ళి రావడానికి 4 సెకన్లు పట్టిందంటే, పోను 2, రాను 2, కాబట్టి లోతు 3000 మీటర్లు. ఓడ నడుస్తూనే ఉంటుంది, కొలతలు పడుతూనే ఉంటాయి.

ఆ ఓడల మీద హీజెన్ వెళ్ళేవాడు. మేరీని మాత్రం ఎక్కనివ్వరు. ఓడలో ఆడది ఉంటే అరిష్టమని వాళ్ళ నమ్మకం. (ఇలాంటివి మనకే ఉన్నాయనుకునేదాన్ని.) ఆవిడ పరిశోధన ఓడ ఎక్కేసరికి 1960ల రెండో సగం వచ్చేసింది. అంతదాకా అతను సముద్రం మీద కొలిచి తెచ్చేవాడు, ఈవిడ బల్ల ముందు కూర్చుని గీసేది.

1952లో హీజెన్ కట్టల కొద్దీ కొలతలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఉత్తర అట్లాంటిక్ సముద్రాన్ని ఒడ్డునుంచి ఒడ్డుకు దాటిన ఓడల లోతులవి. ఫలానా చోట ఇంత, ఫలానా చోట ఇంత అని వేల అంకెలు. నా క్యాలెండరు కాగితమే, కాకపోతే ఒక మహాసముద్రమంత క్యాలెండరు! మేరీ ఆ కొలతలను పడమటినుంచి తూర్పుకు ఆరు వరసలుగా సర్దుకుంది. కాగితం మీద అడ్డంగా దూరం, నిలువుగా లోతు. సముద్రం వేల కిలోమీటర్ల వెడల్పు, లోతు చూస్తే నాలుగైదు కిలోమీటర్లు. ఉన్నదున్నట్టు గీస్తే దారం పరిచినట్టు సన్నటి గీత తప్ప ఏమీ కనపడదు. అందుకని నిలువు కొలతను బాగా పెంచి గీసింది. వారాల తరబడి చుక్కలు పెట్టి, కలిపి, ఆరు గీతలనూ ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చి చూసింది.

సముద్రం మధ్యలో కొండల బారు ఒకటి ఉందని అప్పటికే తెలుసు. ఆరు గీతల్లోనూ అది ఏనుగు వీపులా లేచి కనపడుతోంది. శిఖరాలు ఒక గీతలో ఉన్నట్టు ఇంకో గీతలో లేవు. కొండలన్నాక అలాగే ఉంటాయి మరి. కానీ ఒక్క సంగతి మాత్రం అన్నింటిలోనూ ఉంది. ఆ బారు నడినెత్తిన, పాపిట తీసినట్టు, ఒక గంటు. ఇంగ్లీషు వి అక్షరంలాంటి లోతైన లోయ. ఒక గీతలో ఉంటే కొలత తప్పనుకోవచ్చు. రెండింటిలో ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. ఆరుసార్లు, ఆరుచోట్ల, బారుకు సరిగ్గా నడుమనే ఎందుకుంటుంది? నేల అక్కడ చీలి, రెండుపక్కలకూ విడిపోతోందన్నమాట. మేరీకి అలాగే తోచింది. హీజెన్ను పిలిచి చూపించింది.

అతను మూలిగాడు. అలా కావడానికి వీల్లేదన్నాడు. "ఆడపిల్లల కబుర్లు" అని కొట్టిపారేశాడు.

నేను కల్పించి చెప్పడం లేదు. ఆ మాట అన్నాడని తరువాత రోజుల్లో మేరీయే చెప్పింది. అయితే అతను అలా అనడానికి ఆవిడ ఆడది కావడం ఒక్కటే కారణం కాదు. నేల చీలి విడిపోతోందంటే ఖండాలు కదులుతున్నాయని ఒప్పుకోవాలి. ఆ మాట 1912లోనే వెగెనర్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త అన్నాడు. ఆఫ్రికా పడమటి అంచూ, దక్షిణ అమెరికా తూర్పు అంచూ చింపిన కాగితం ముక్కల్లా అతుకుతాయని చూపించాడు. పెద్దలు నవ్వారు. ఇంత లేసి ఖండాల్ని కదిపేదేమిటో చెప్పమన్నారు. ఆయన చెప్పలేకపోయాడు. 1930లో గ్రీన్‌లాండు మంచులో ప్రాణం విడిచాడు. ఆ తరువాత అమెరికాలో ఖండాలు కదులుతాయని అంటే పదిమందిలో పలచనవడమే. హీజెన్ కొత్తగా పైకి వస్తున్న కుర్రవాడు. భయపడ్డాడు.

మేరీ దెబ్బలాడింది, వాదించింది. అయినా అతను ఏడాదిపాటు ఒప్పుకోలేదు. చివరికి ఒప్పించింది వాదన కాదు, ఇంకో కాగితం.

అదే గదిలో, ఆవిడ పక్క బల్ల దగ్గర హోవర్డ్ ఫాస్టర్ అనే ఆయన పనిచేసేవాడు. బొమ్మలు వేయడం నేర్చుకున్నవాడు. చెవులు వినపడవు. సముద్రం కింద టెలిఫోను తీగలు ఎక్కడ వేస్తే తెగకుండా ఉంటాయో తెలియాలని, సముద్రంలో వచ్చిన భూకంపాలన్నీ ఎక్కడెక్కడ పుట్టాయో పటం మీద గుర్తు పెట్టే పని హీజెన్ ఆయనకు అప్పగించాడు. వేలకు వేల చుక్కలు. ఆయన పటమూ, మేరీ పటమూ ఒకే కొలతతో ఉన్నాయి. కింద దీపం వెలిగే గాజుబల్ల ఉంటుంది. దానిమీద ఒక కాగితంపై ఇంకొకటి పరిస్తే రెండింటి గీతలూ ఒక్కసారే కనపడతాయి. మనం చీర అంచు డిజైను దింపుకోవడానికి కిటికీ అద్దం మీద పెట్టి చూస్తాం చూడండి, అలాగే. పరిచి చూస్తే భూకంపాల చుక్కలు వెళ్ళి మేరీ గీసిన లోయలోనే బారులు తీరి పడ్డాయి!

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. ఫాస్టరుకు మేరీ లోయతో పనిలేదు. మేరీకి ఆయన భూకంపాలతో పనిలేదు. ఒకరు లోతులు గీశారు, ఒకరు అదుర్లు గీశారు. ఒకరి మాట ఒకరు విని గీసినవి కావు. అయినా రెండూ ఒకే చోటు చూపించాయి. ఇక కబుర్లనడానికి లేదు. ఇంకో మేలు కూడా జరిగింది. ఓడలు వెళ్ళని చోట్ల లోతులు తెలియవు, కానీ భూకంపాలు తెలుసు. ఆ చుక్కల వెంట పోతే లోయ ఎటు సాగుతోందో ఊహించవచ్చు. అలా పోగా పోగా, ఆ కొండల బారు అట్లాంటిక్‌తో ఆగకుండా, హిందూమహాసముద్రం మీదుగా, పసిఫిక్ లోకి, భూమిని చుట్టి సుమారు 65,000 కిలోమీటర్లు ఉందని తేలింది. ఊహించి గీసినదాన్ని ఊహ అనే చెప్పాలి, కొలిచినదానితో కలిపేయకూడదు. ఆ జాగ్రత్త మేరీకి తెలుసు. కొలతలు బొత్తిగా లేని పెద్ద ఖాళీ ఒకటి పటం మీద మిగిలిపోతే, అక్కడ కొండలు కల్పించి గీయకుండా గుర్తుల వివరాలు వేసే పెట్టె పెట్టేసింది. సరదాకి మత్స్యకన్యల బొమ్మలు వేద్దామనుకుంటే హీజెన్ వద్దన్నాడట.

1956లో ఈ సంగతి లోకానికి చెప్పినప్పుడు వ్యాసం మీద యూయింగ్, హీజెన్ పేర్లున్నాయి. మేరీ పేరు లేదు. 1957లో హీజెన్ ప్రిన్స్‌టన్ లో ఉపన్యాసం ఇస్తే, హ్యారీ హెస్ అనే పెద్దాయన లేచి, భూగర్భశాస్త్రం పునాదులు కదిలించావు నాయనా అన్నారు. అందరూ నమ్మారనుకోకండి. సముద్రంలో ఈతలు కొట్టి సినిమాలు తీసే ఫ్రెంచివారు కూస్తోగారు, ఇది అబద్ధమని తేల్చేద్దామని కెమెరా ఒకదాన్ని బండికి కట్టి సముద్రం అడుగున ఈడ్పించారు. లోయ అక్కడే ఉంది! 1959లో న్యూయార్కులో జరిగిన మహాసభలో ఆ ఫిల్మును ఆయనే అందరికీ చూపించారు. తన తప్పు తనే తెరమీద వేసి చూపించిన ఆ పెద్దమనిషికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో చిత్రం ఉంది. లోయ ఉందని ఒప్పుకున్నాక హీజెన్, భూమి మొత్తం బూరెలా ఉబ్బుతోంది కాబట్టే నేల చీలుతోందని చాలాకాలం వాదించాడు. అది తప్పని తేలింది. లోయలోంచి కొత్త నేల పుట్టుకొస్తుందనీ, పాత నేల ఇంకోచోట లోపలికి దిగిపోతుందనీ హెస్ 1962లో రాశాడు. ఆ దారినే శాస్త్రం నడిచింది. అంటే గళ్ళ కాగితం ఇక్కడేదో ఉందని చెబుతుంది కానీ, ఎందుకుందో చెప్పదు. మా డాక్టరుగారు కూడా గోపురాలు చూడగానే మందు రాయలేదు. రక్తపరీక్ష చేయించాకే రాశారు.

ఎక్కడో అట్లాంటిక్‌లో లోయ ఉంటే మనకేమిటి అంటారేమో. ఉంది. హిందూమహాసముద్రంలోనూ నేల ఇలాగే విచ్చుకుంది కాబట్టే మన దేశం ఉత్తరానికి జరిగి జరిగి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను తాకింది. ఆ ఒత్తిడికి లేచినవే హిమాలయాలు. హీజెన్, మేరీల పరిశోధన ఆధారంగా బెరాన్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు రంగుల్లో వేసిన హిందూమహాసముద్రం అడుగు పటం 1967లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికతో ఇంటింటికీ వెళ్ళింది.

ఒకచోట నేల పుడుతుంటే ఇంకోచోట దిగిపోవాలి. అది దిగిపోయే చోటే పెద్ద గండం. 2004 డిసెంబరు 26న సుమత్రా పక్కన జరిగింది అదే. ఆ ఉదయం మన కోస్తా మీద పడ్డ సునామీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు మనకు ముందుగా చెప్పే నాథుడు లేడు. 2007 నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంపాల గీతా, సముద్రం ఎత్తు చూపే గీతా రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని చూడడమే అక్కడి పని. ఒక్క గీత చూసి తేల్చరు. ఒకదానితో ఒకటి సరిపోల్చుకుంటారు. మేరీ, ఫాస్టరు గాజుబల్ల మీద చేసింది కూడా అదే కదా!

1977లో హీజెన్ ఐస్‌లాండు దగ్గర సబ్‌మెరీన్‌లో ఉండగా గుండె ఆగి పోయాడు. అప్పటికి ప్రపంచ సముద్రాలన్నిటి అడుగూ చూపే పెద్ద పటం చివరి దశలో ఉంది. మేరీ దాన్ని పూర్తి చేయించి బయటికి తెచ్చింది. 1997లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంవారు ఇరవయ్యో శతాబ్దపు మహా పటకర్తలు నలుగురిలో ఒకరుగా ఆవిడను గౌరవించారు. అప్పటికి ఆవిడకు 77 ఏళ్ళు. 2006లో పోయింది.

ఈ కథ ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ మా అత్తగారికి చెప్పాను. ఆవిడకు సముద్రం కొలతలు ఎక్కాయో లేదో తెలియదు కానీ, చివరిదాకా విన్నారు.

"అయితే ఆ పిల్లవాడు చివరికి ఒప్పుకున్నాడా?" అని అడిగారు.

"ఒప్పుకున్నాడండీ అత్తయ్యగారూ, ఏడాదికి."

"ఏడాదికేనా!" అని చేటలో బియ్యం ఓసారి చెరిగి, మావారు కూర్చున్న గది వైపు చూసి, "బుద్ధిమంతుడే" అన్నారు.